ఆడకుక్క నీళ్లు అతిగా తాగుతోందా? గర్భసంచి ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేయాలి

మా పింకీ పమేరియన్. ఎనిమిదేళ్ల వయసు, ఎనిమిది కిలోల బరువు. ఓ ఏప్రిల్‌లో దాని గిన్నెలో నీళ్లు పోసిన పది నిమిషాలకే ఖాళీ అయ్యేవి. ఎండలు మండిపోతున్నాయి, దాహంలే అనుకున్నాం. రాత్రిళ్లు హాల్లోనే మూత్రం పోసేస్తుంటే వయసైపోయింది అనుకున్నాం. పెరుగన్నం వాసన చూసి వెనక్కి తిరిగితే ఎండదెబ్బ అన్నాం. ప్రతిదానికీ ఒక సమాధానం మా దగ్గర సిద్ధంగా ఉండేది. ఐదో రోజున దాని తోక కింద తడిగా, గోధుమరంగులో, కుళ్లిన వాసనతో ఏదో కనిపించింది. శివరాత్రి రోజుల్లో అది ఎదకొచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

స్కానింగ్ చేసిన డాక్టరమ్మ "గర్భసంచి నిండా చీము" అన్నారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది. పింకీ బతికింది. ఐదు రోజులు మాత్రం మేమే చేజేతులా పోగొట్టాం.

దీన్ని పయోమెట్రా అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఇది అరుదేమీ కాదు. స్వీడన్‌లో పెంపుడు కుక్కలకు బీమా బాగా అలవాటు కాబట్టి అక్కడ లెక్కలు దొరుకుతాయి. పదేళ్లు వచ్చేలోపు సుమారు నాలుగింట ఒక ఆడకుక్కకు ఇది వస్తున్నట్టు ఆ లెక్కల్లో తేలింది.

ముందు క్యాలెండర్ చూడండి

కుక్క ఎప్పుడు ఎదకొచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఈ జబ్బు ఎక్కువగా ఎద ముగిసిన రెండు వారాల నుంచి రెండు నెలల లోపు బయటపడుతుంది. ఒక్కోసారి నాలుగు నెలల దాకా కూడా పట్టొచ్చు. మా ఇంట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ వంటగది తలుపు వెనక వేలాడుతుంది. పింకీ ఎద తేదీ కూడా అందులో రాసి ఉంటే మొదటి రోజే అనుమానం వచ్చేది. ఎరుపు కనిపించిన మొదటి రోజున ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి, అంతే.

తేదీతో పనేమిటంటారా? ఎద సమయంలో గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది. పేగుల్లో మామూలుగా ఉండే ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా ఆ దారిన పైకి చేరుతుంది. ఎద ముగిశాక, కుక్క కడుపుతో ఉన్నా లేకపోయినా, సుమారు రెండు నెలలపాటు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒంట్లో ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి లోపలి పొరను అది మందంగా చేస్తుంది, అక్కడి గ్రంథులు ద్రవం ఊరుస్తాయి, ముఖద్వారం మూసుకుంటుంది, రోగనిరోధక శక్తి అక్కడ నెమ్మదిస్తుంది. పిండం పెరగడానికి చేసిన ఏర్పాటే బ్యాక్టీరియాకూ అనుకూలిస్తుంది. ఏడాదికి రెండుసార్లు చొప్పున ఏళ్ల తరబడి ఇలా జరిగి పొర పాడైపోతుంది. కుక్కలకు ముట్లుడగడం అనేది లేదు, పన్నెండేళ్ల ముసలిది కూడా ఎదకొస్తుంది. అందుకే వయసు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. అలాగని రెండేళ్ల దానికి రాదని కాదు.

తర్వాత నీళ్లు కొలవండి

ఒక ఖాళీ అరలీటరు సీసా తీసుకోండి. పొద్దున ఏడింటికి గిన్నె కడిగి, సీసాతో కొలిచి పోయండి. పోసిన ప్రతిసారీ రాసుకోండి. మర్నాడు ఏడింటికి మిగిలినవి తీసేసి లెక్క వేయండి. బాత్‌రూమ్ బకెట్లో మూతి పెట్టే అలవాటు ఉంటే ఆ తలుపు మూసి ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు యాభై, అరవై మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. కిలోకు వంద దాటితే జబ్బుగానే చూడాలి. అంటే పింకీ లాంటి ఎనిమిది కిలోల కుక్క 800 మిల్లీలీటర్లు దాటకూడదు. అది లీటరున్నర తాగుతోందని మేము కొలిస్తే కదా తెలిసేది!

షుగర్, కిడ్నీ జబ్బుల్లోనూ దాహం ఇలాగే పెరుగుతుంది. పయోమెట్రాలో అయితే బ్యాక్టీరియా విషం కిడ్నీలను దెబ్బతీసి, నీళ్లను ఒంట్లో పట్టి ఉంచే శక్తి పోగొడుతుంది. మూత్రం ఎక్కువ పోతోంది కాబట్టే కుక్క తాగుతోంది. ఇల్లు పాడుచేస్తోందని గిన్నె మాత్రం తీసేయకండి, అది చంపుకోవడమే. ఒక మాట, కింద చెప్పే గుర్తుల్లో ఏదైనా కనిపిస్తే ఇరవై నాలుగు గంటలు కొలుస్తూ కూర్చోనక్కర్లేదు, బయల్దేరండి.

ఒళ్లంతా ఒకసారి చూడండి

వెలుతురులో నిలబెట్టి తోక ఎత్తి చూడండి. చీము, రక్తం కలిసిన జిగట, చాక్లెట్ రంగు ద్రవం, దుర్వాసన ఉన్నాయేమో చూడండి. అది పడుకున్న గోనెపట్టా మీద మరకలున్నాయా, అదేపనిగా అక్కడే నాక్కుంటోందా గమనించండి. బయటికి కారుతుంటే ముఖద్వారం తెరిచి ఉన్నట్టు. ఇలాంటప్పుడు కనీసం మనకు తెలుస్తుంది. ముఖద్వారం మూసుకుపోయి ఏమీ బయటికి రానిదే ఎక్కువ ప్రమాదం. లోపల చీము నిండుతుంది, పొట్ట ఉబ్బుతుంది, విషం రక్తంలోకి ఎక్కుతుంది, గర్భసంచి పగిలితే కడుపంతా చీమవుతుంది. "ఏమీ కారట్లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ లేదు" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చీము ఉందో లేదో చూద్దామని పొట్ట నొక్కకండి.

జ్వరం చూడాలంటే డిజిటల్ థర్మామీటర్ చివర వాజెలిన్ రాసి, మలద్వారంలో ఒక అంగుళం లోపు పెట్టండి. 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు కుక్కలకు మామూలే. ఈ జబ్బులో జ్వరం లేకపోవచ్చు కూడా. 99 కన్నా పడిపోయి కుక్క నీరసంగా ఉంటే, అది జ్వరం కన్నా చెడ్డ గుర్తు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. రాకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, ఇటుక ఎరుపులో ఉన్నా అర్ధరాత్రి అయినా సరే డాక్టర్ని లేపాలి.

ఇంట్లో ఏం చేయకూడదు

మిగిలిపోయిన యాంటీబయాటిక్ వేయకండి. కారడం రెండు రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల చీము అలాగే ఉంటుంది. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబుప్రోఫెన్ కుక్క కిడ్నీలను, పేగులను దెబ్బతీస్తుంది. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోవడానికి. పసుపునీళ్లతో పైపైన కడిగితే కడగండి గానీ, లోపలికి సిరంజితో ఏదీ ఎక్కించకండి. ఆపరేషన్ ఉండొచ్చు కాబట్టి బలవంతంగా అన్నం పెట్టకండి, నీళ్లు మాత్రం అందుబాటులో ఉంచండి.

"ఆదివారం కదా, రేపు చూద్దాం" అనేది మందులన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

డాక్టర్ దగ్గర

ఫోన్‌లో "కుక్కకు ఒంట్లో బాలేదు" అంటే సాయంత్రం రమ్మంటారు. "ఎనిమిదేళ్ల ఆడకుక్క, ఆపరేషన్ కాలేదు, ఆరు వారాల క్రితం ఎదకొచ్చింది, నీళ్లు బాగా తాగుతోంది, తిండి మానేసింది" అని చెప్పండి. పశువైద్యులకు ఆ ఒక్క వాక్యంతో విషయం అర్థమైపోతుంది, వెంటనే రమ్మంటారు. దగ్గర్లో స్కానింగ్ లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం లాంటి పశువైద్య కళాశాలల ఆసుపత్రులను కనుక్కోండి.

అక్కడ స్కానింగ్, రక్తపరీక్ష చేస్తారు. తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తారు. కుక్క జతకట్టి ఉండే అవకాశం ఉంటే దాచకుండా చెప్పండి. కడుపుతో ఉందా, చీము పట్టిందా అన్నది స్కానింగ్‌లోనే తేలుతుంది.

సరైన వైద్యం ఆపరేషనే, గర్భసంచినీ అండాశయాలనూ తీసేయడం. ఇక్కడే చాలామంది వెనకాడతారు. "ముసలిది, మత్తు తట్టుకుంటుందా? ముందు మందులతో చూద్దామా?" అని మేమూ అడిగాం. డాక్టరమ్మ విసుక్కోలేదు. "మత్తు వల్ల కొంత రిస్క్ ఉంది. చీము లోపల ఉంచుకుంటే అంతకన్నా ఎక్కువ రిస్క్" అన్నారు. మరీ నీరసించిన కుక్కకు కొన్ని గంటలు డ్రిప్ పెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, కుదుటపరిచాక చేస్తారు. సమయానికి చేస్తే ఎక్కువ శాతం కుక్కలు బతుకుతాయి.

తీశాక స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. కుక్క గర్భసంచి పంగలకర్ర ఆకారంలో ఉంటుంది. చిన్న కుక్కల్లో ఒక్కో కొమ్మ మామూలుగా పెన్సిలంత కూడా ఉండదట. పింకీవి రెండూ పొట్లకాయ ముక్కల్లా ఉబ్బి, ఊదారంగులో నిగనిగలాడుతున్నాయి. ఎనిమిది కిలోల ప్రాణి దాన్ని మోస్తూ మా గుమ్మం దాకా వచ్చి తోక ఊపేది.

ఒప్పుకునే ముందు కొన్ని అడగండి. కిడ్నీ పరీక్ష రిజల్ట్ ఏమిటి? ఆపరేషన్‌కు ముందు ఎంతసేపు డ్రిప్ పెడతారు? చెప్పిన ఖర్చులో మందులు, డ్రిప్, రాత్రి ఉంచుకోవడం కలిసే ఉన్నాయా? రాత్రి అక్కడ మనిషి ఉంటారా? చివరి ప్రశ్నకు జవాబు నాన్చితే మీరే ఉండిపోండి.

ఇంజెక్షన్లతో నయం చేసే పద్ధతి కూడా ఉంది. అగ్లెప్రిస్టోన్, ప్రోస్టాగ్లాండిన్ లాంటి మందులతో ముఖద్వారం తెరిపించి చీము బయటికి పంపిస్తారు. చిన్న వయసు, పిల్లలు కావాలనుకునే కుక్క, చీము బయటికి కారుతూ ఉండి ఒంట్లో మిగతా అంతా బాగున్నప్పుడే అది. తర్వాతి ఎదల్లో మళ్లీ రావచ్చు. పెంపుడు కుక్కకు ఆ తలనొప్పి ఎందుకని నా అభిప్రాయం.

ఇంటికి తెచ్చాక

పది నుంచి పద్నాలుగు రోజులు మెడకు కోన్ (కుట్లు నాకకుండా తొడిగే గరాటు) ఉండాలి. జాలేసి తీశారో, అరగంటలో కుట్లు పీకేస్తుంది. స్నానం వద్దు, మెట్లు వద్దు, మంచం మీదికి దూకనివ్వొద్దు. మొదటి రోజు మెత్తటి అన్నం కొంచెం కొంచెం పెట్టండి. యాంటీబయాటిక్ కోర్సు పూర్తిగా వేయండి. వాంతులు, మూత్రం రాకపోవడం, చిగుళ్లు పాలిపోవడం, కుట్ల దగ్గర కారడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి. నీళ్ల కొలత కొన్నాళ్లు కొనసాగించండి, తాగేది తగ్గుతూ వస్తుంటే కిడ్నీలు కోలుకుంటున్నట్టే.

ఈనిన కుక్క సంగతి కాస్త వేరు. ఈనాక కొన్ని వారాలపాటు ఎర్రమట్టి రంగులో, వాసన లేకుండా కారడం మామూలే. మొదటి వారంలో దుర్వాసన వచ్చి, తల్లి జ్వరంతో పిల్లలకు పాలివ్వకుండా లేచిపోతుంటే మాయ లోపల ఉండిపోయి గర్భసంచి పాడవుతోందేమో. అప్పుడు తల్లితో పాటు పిల్లలనూ బుట్టలో పెట్టుకుని తీసుకెళ్లండి.

పిల్లి అయితే

పిల్లుల్లో ఇది కుక్కలకన్నా తక్కువ. పిల్లికి మామూలుగా జతకడితేనే అండం విడుదలవుతుంది కాబట్టి ప్రతి ఎదకూ ఆ హార్మోన్ పెరగదు. కానీ కొన్నిటికి జతకట్టకపోయినా విడుదలవుతుంది. పిల్లితో చిక్కేమిటంటే అది శుభ్రం. కారిందంతా ఎప్పటికప్పుడు నాకేస్తుంది, మనకేమీ కనపడదు. కాబట్టి దాని నడవడి చూడాలి. మంచం కిందికి దూరి బయటికి రాకపోవడం, ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టకట్టడం, తిండి మానేసి పొట్ట మాత్రం పెరగడం గుర్తులు. "కడుపుతో ఉందేమో" అని మురిసిపోయే ముందు స్కానింగ్ చేయించండి. పిల్లి రెండు రోజులు తినకపోతే కాలేయానికి కూడా ముప్పు. రాత్రంతా అరుస్తోందని ఎద ఆపే ఇంజెక్షన్లు, మాత్రలు వాడిన పిల్లులకూ కుక్కలకూ ఈ జబ్బు ముప్పు పెరుగుతుంది.

ఆడవాళ్ల విషయంలో దారి వేరు

పింకీ ఆపరేషన్ తర్వాత పక్కింటావిడ అడిగారు, "మాకూ తెల్లబట్ట అవుతుంటుంది, అలా తీసేయించుకుంటే గొడవ వదిలిపోతుంది కదా?" అని. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

కుక్కకు గర్భసంచి తీయడమే మొదటి వైద్యం. మనిషికి వచ్చే గర్భసంచి ఇన్ఫెక్షన్లు చాలావరకు మందులతోనే నయమవుతాయి. తీయాల్సిన అవసరం అరుదు. మన దగ్గర మాత్రం తలకిందులుగా నడుస్తోంది. కుక్కకు వారం రోజులు మాత్రలు వేస్తాం, ఆడమనిషికి తెల్లబట్ట అనగానే ఆపరేషన్ మాట వినిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలుచేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. చిన్న వయసులో అండాశయాలతో సహా తీసేస్తే ముట్లు ముందే ఆగిపోతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది.

తెల్లబట్ట కొంత మామూలే, నెల మధ్యలో ఎక్కువవుతుంది కూడా. రంగు మారినా, వాసన వచ్చినా, దురద ఉన్నా పరీక్ష చేయించుకోండి. అది చాలాసార్లు యోనిలో ఇన్ఫెక్షనే, గర్భసంచి దాకా పోయి ఉండదు. పొత్తికడుపులో నొప్పి, కలయికలో నొప్పి, జ్వరం, ముట్టు కాని రోజుల్లో రక్తం కనపడితే మాత్రం పైకి పాకిందేమో చూడాలి. క్లమీడియా, గనేరియా లాంటివి దీనికి ముఖ్య కారణాల్లో కొన్ని. యాంటీబయాటిక్ కోర్సు సాధారణంగా పద్నాలుగు రోజులు. నాలుగో రోజుకే నొప్పి పోయిందని ఆపేయొద్దు. లైంగికంగా సోకినదైతే భర్త కూడా మందు వేసుకోవాలి, లేకపోతే నెలలోపే మళ్లీ మొదటికొస్తుంది. భర్తను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం మందు కన్నా కష్టమని నాకు తెలుసు, అయినా తప్పదు. నిర్లక్ష్యం చేస్తే ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవడం, పిండం ట్యూబులోనే పెరగడం లాంటివి జరుగుతాయి. మన దేశంలో గర్భసంచికి టీబీ సోకడం కూడా ఉంది, దానికి నెలల తరబడి మందులు వాడాలి.

ఇద్దరి విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒకరు బాలింత. కాన్పయ్యాక, ముఖ్యంగా సిజేరియన్ అయ్యాక, 100.4 దాటిన జ్వరం, పొత్తికడుపు నొప్పి, మైల దుర్వాసన ఉంటే "పాలు పడుతున్న జ్వరం" అని సరిపెట్టకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లో వైద్యుల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి ఎంతోమంది బాలింతల మరణాలు ఆపింది ఈ జ్వరం విషయంలోనే.

రెండోవారు ముట్లుడిగిన పెద్దావిడ. మా అత్తగారు లోపలి లంగా మరక ఎవరికీ కనపడకుండా తెల్లవారుజామునే ఉతుక్కునేవారు. ముట్లాగిన పదేళ్లకు మళ్లీ మరకలు కావడం ఏమిటని చెప్పుకోవడానికి సిగ్గు. వయసు మీదపడ్డాక ముఖద్వారం సన్నబడి గర్భసంచిలో చీము చేరడం మనుషుల్లోనూ ఉంది. అరుదే, కానీ దాని వెనక క్యాన్సర్ ఉందేమో తప్పక చూడాలి. ఆమె విషయంలో చీము తీసి, ముక్క పరీక్షకు పంపితే క్యాన్సర్ లేదని తేలింది. ఇంట్లో పెద్దవాళ్లని "మరకలేమైనా అవుతున్నాయా అత్తయ్యా?" అని ఏకాంతంగా, సూటిగా అడగండి. అడిగితే చెబుతారు.

డాక్టర్ గర్భసంచి తీసేయాలంటే మూడు విషయాలు అడగండి. జబ్బు పేరేమిటి, మందులతో ఎందుకు కాదు, అండాశయాలు ఉంచుతారా. ప్రాణాపాయం లేనప్పుడు ఇంకో డాక్టర్ని కలిసే టైమ్ మీకు ఉంటుంది.

కుక్క నుంచి మనకు పయోమెట్రా అంటుకోదు. కానీ కారినదాన్ని తుడిచేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కడుపు పోయిన కుక్క అయితే మరింత జాగ్రత్త, బ్రూసెల్లా అనే క్రిమి మనుషులకూ సోకుతుంది.

మళ్లీ రాకుండా

పిల్లలు అక్కర్లేదనుకుంటే జబ్బు రాకముందే ఆపరేషన్ చేయించండి. ఏ వయసులో అన్నది జాతిని బట్టి, బరువును బట్టి మారుతుంది, డాక్టర్‌తో మాట్లాడుకోండి. ఎదలో ఉన్నప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి సాధారణంగా ఎద ముగిసిన రెండు మూడు నెలలకు చేస్తారు. "ఒక్క కాన్పు అయితే ఇక ఏ జబ్బూ రాదు" అనే మాట పట్టుకుని ఆగకండి, ఒకసారి ఈనినంత మాత్రాన ఈ జబ్బు నుంచి రక్షణ దొరకదు. అండాశయం ముక్క లోపల మిగిలిపోతే ఆపరేషన్ అయిన కుక్కకు కూడా గర్భసంచిలో మిగిలిన ముక్కకు చీము పట్టొచ్చు. కాబట్టి ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎద లక్షణాలు కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి.

పింకీ తర్వాత వచ్చిన చుక్కి వీధి నుంచి తెచ్చుకున్నది. దానికి తొమ్మిదో నెలలోనే చేయించాం. క్యాలెండర్‌లో ఇప్పుడు పాల లెక్క ఒక్కటే ఉంటోంది.